సెకండ్ హ్యాండ్ బండి కొనేముందు రిపేరు ఖర్చు లెక్కగట్టడం ఎలా?

పాత బండికి రిపేరు ఎంత అవుతుందో చెప్పమంటే చాలామంది అరిగిపోయిన భాగాల ధరలు ఒక కాగితం మీద రాసి కూడతారు. ఆ కూడిక దాదాపు ఎప్పుడూ తప్పుతుంది, అదీ తక్కువ వైపుకే తప్పుతుంది. భాగం ధర ఎంత అనే దానికంటే, ఆ భాగం దాకా చేరడానికి ఏమేమి విప్పాలి అనేదాన్ని బట్టే ఖర్చు పెరుగుతుంది. వాల్వ్ సీల్ గోరంత రబ్బరు ముక్క. దాన్ని మార్చాలంటే ఇంజన్ హెడ్ ఊడదీయాలి, హెడ్ ఊడదీస్తే గ్యాస్కెట్ (అతుకు దగ్గర ఆయిల్, గాలి కారకుండా వేసే పలుచని పట్టీ) కొత్తది వేయక తప్పదు, అక్కడిదాకా వచ్చాక సాగిపోయిన టైమింగ్ చైన్‌ను చూసీ చూడనట్టు వదిలేసి మళ్లీ మూసేసే మెకానిక్‌ను ఎవరూ మెచ్చుకోరు. అందువల్ల భాగాల జాబితా పక్కన పెట్టి, బండిలో ఎన్ని చోట్ల విప్పవలసి వస్తుంది, ఒక్కొక్క చోట విప్పితే ఎంత అవుతుంది అనే లెక్కతో మొదలుపెట్టండి.

ఉదాహరణకు మన ఊళ్లలో తరచుగా చేతులు మారే బండినే తీసుకుందాం. 2017 నాటి హీరో స్ప్లెండర్ ప్లస్: 97.2 సీసీ ఇంజన్, కార్బురేటర్, నాలుగు గేర్లు, ముందూ వెనుకా డ్రమ్ బ్రేకులు. ఈ వ్యాసంలో ఇచ్చిన విడిభాగాల ధరలూ కూలీ రేట్లూ నేను నా పుస్తకంలో రాసుకునే సుమారు అంకెలు మాత్రమే. మీ ఊళ్లో, మీరు చూసే మోడల్‌కు అవి మారతాయి కాబట్టి పద్ధతిని తీసుకుని అంకెలు మీరే నింపుకోండి.

ఒక తెల్ల కాగితం మీద ఆరు గళ్లు గీయండి. వాటిలో వెనుక చక్రం, ముందు ఫోర్క్, ఇంజన్ పైభాగం, ఇంజన్ లోపలి భాగం, కరెంటు పని, కాగితాల ఖర్చు అని రాయండి. కాగితంతో పాటు టార్చి, పాత గుడ్డ, వీలైతే మూడు నాలుగు వందల్లో దొరికే మల్టీమీటర్ వెంట ఉంచుకోండి.

ఇంటి నుంచి కదలకముందే: కాగితాల గడి

దీనికి ఎక్కువ సమయం పట్టదు, కానీ చాలామంది దీన్ని రిపేరు ఖర్చులో కలపడం మరిచిపోతారు. అమ్మేవారిని బండి నంబరు అడిగి, దాని రిజిస్ట్రేషన్ వివరాలు, బీమా గడువు, ఫైనాన్స్ ఉందా లేదా అనేవి ఎం-పరివాహన్ యాప్‌లో గాని రవాణా శాఖ వెబ్‌సైట్‌లో గాని, పెండింగ్ చలానాలు పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), రిజిస్ట్రేషన్‌లోంచి ఫైనాన్స్ పేరు తీయించే ఫారం 35 అమ్మేవారే తెచ్చివ్వాలి. అవి చేతికి రాకముందు బేరమే మొదలుపెట్టవద్దు. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 అవసరం. బండి అమ్మిన విషయాన్ని, రాష్ట్రం లోపల అయితే, అమ్మినవారు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది.

బీమా గడువు తీరిపోయి ఉంటే థర్డ్ పార్టీ ప్రీమియం మీ నెత్తిన పడుతుంది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ బండికి ఇది ఏడాదికి 714 రూపాయలు, 150 నుంచి 350 సీసీ బండికి 1,366 రూపాయలు. 18 శాతం జీఎస్టీ అదనం. బండికి 15 ఏళ్లు నిండబోతుంటే రిజిస్ట్రేషన్ రెన్యువల్‌ను కూడా ఈ గడిలో రాయాలి. మోటార్ సైకిల్ రెన్యువల్ రుసుము 2022 ఏప్రిల్‌లో 300 నుంచి 1,000 రూపాయలకు పెరిగింది, దానికి తోడు గ్రీన్ టాక్స్ ఉంటుంది. ఇక కర్ణాటక, మహారాష్ట్ర నంబరుతో ఉన్న బండి చవకగా దొరుకుతోందంటే, ఆ చవక వెనుక అక్కడి రవాణా శాఖ ఇవ్వవలసిన ఫారం 28 ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టవలసిన లైఫ్ టాక్స్, తిరుగుడు ఖర్చు ఉన్నాయని గుర్తుంచుకోండి. ఆ మూడూ రాసి కూడాక చాలాసార్లు ఆ బండి స్థానిక బండి కంటే ప్రియమే అవుతుంది.

చల్లని ఇంజన్: ఖరీదైన గళ్లు రెండూ ఇక్కడే తేలతాయి

ముందు రోజే ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయవద్దని అమ్మేవారిని మర్యాదగా కోరండి. వెళ్లగానే మాటల్లో పడకుండా ఇంజన్ రెక్కల మీద అరచేయి ఆనించి చూడండి. కొన్నేళ్ల కిందట నేను ఒక బండి చూడటానికి ఉదయం ఏడు గంటలకే వెళ్లాను. ఇంజన్ గోరువెచ్చగా తగిలింది. ఇప్పుడే పాలకు వెళ్లొచ్చానని ఆయన అన్నాడు, నేను నమ్మాను. మర్నాడు ఉదయం మా వాకిట్లో కిక్కు కొట్టగానే సైలెన్సర్ నుంచి గుప్పున వచ్చిన నీలం పొగకు, ముగ్గు వేస్తున్న మా అమ్మ ముగ్గు డబ్బాతో సహా లేచి పక్కకు జరిగింది. బేరంలో రెండు వేలు తగ్గించుకున్నానని మురిసిపోయిన నేను, బోరు (సిలిండర్ లోపలి గోడ చెక్కి కొత్త పిస్టన్ వేసే పని) చేయించేసరికి దానికి మూడింతలు పెట్టుకున్నాను. ఇంజన్ వెచ్చగా ఉంటే గొడవ పడనవసరం లేదు. గంట తర్వాత వస్తానని చెప్పి టీ తాగి రండి.

స్టార్ట్ చేయకముందు ఇంకో పరీక్ష ఉంది. తాళం ఆఫ్‌లోనే ఉంచి కిక్ రాడ్‌ను కాలితో నెమ్మదిగా కిందికి నొక్కండి. ఒక చోట అది గట్టిగా ఎదురు తిరగాలి, ఆ తర్వాత మెల్లగా దిగాలి. ఎక్కడా ఎదురు లేకుండా వెన్నలో వేలు దిగినట్టు దిగిపోతే కంప్రెషన్ పోయినట్టే. పిస్టన్ రింగులో, బోరో, వాల్వులో అరిగి ఉంటాయి. తర్వాత ఆయిల్ పోసే మూత తిప్పి తీసి, దాని కొసన ఉన్న గేజ్‌ను గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి చూడండి. ఆయిల్ నల్లగా ఉండటం తప్పు కాదు. పాల టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు వెళ్లాయి. గుడ్డ మీద రుద్దినప్పుడు ఎండలో మెరిసే సన్నని పొడి కనబడితే లోపల ఇనుము ఇనుముతో రాసుకుంటోంది. ఎనిమిదేళ్ల బండిలో ఆయిల్ తేనెలా స్వచ్ఛంగా ఉంటే మాత్రం సంతోషించకండి. అమ్మకానికి ముందు చిక్కటి కొత్త ఆయిల్ పోస్తే పొగా శబ్దమూ కొన్నాళ్లు అణిగి ఉంటాయి. ఆ విషయాన్ని కాగితం మీద అనుమానంగా రాసుకోండి.

ఇప్పుడు స్టార్ట్ చేయించి, మీరు సైలెన్సర్ వెనుక నిలబడండి. చల్లని ఉదయం పూట సన్నగా తెల్లటి ఆవిరి వచ్చి రెండు నిమిషాల్లో ఆగిపోతే అది సహజం. నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువ పోతోందని అర్థం; కార్బురేటర్ శుభ్రం చేసి, ఎయిర్ ఫిల్టర్ మారిస్తే చాలావరకు పోతుంది, అది చిన్న ఖర్చే. నీలం పొగతోనే జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అది ఎప్పుడు వచ్చిందన్న దాన్ని బట్టి ఖర్చు రెట్టింపుకు పైగా మారుతుంది. స్టార్ట్ చేసిన క్షణంలో ఒక్కసారి వచ్చి ఆగిపోతే, లేదా యాక్సిలరేటర్ వదిలేసి కొంతదూరం వెళ్లి మళ్లీ ఇచ్చినప్పుడు మాత్రమే వస్తే, రాత్రంతా ఆయిల్ వాల్వ్ సీళ్ల గుండా కిందికి దిగుతోందన్నమాట. ఇది ఇంజన్ పైభాగపు గడి. యాక్సిలరేటర్ ఇచ్చినంతసేపూ వస్తూనే ఉంటే రింగులు, బోరు అరిగాయి. సిలిండర్ కూడా దించి లేత్ దగ్గరికి పంపి బోరు కొట్టించి కొత్త పిస్టన్ వేయించాలి.

శబ్దాలను కూడా ఇలాగే ధరలుగా మార్చుకోవచ్చు. సన్నగా, సమానంగా వచ్చే టిక్ టిక్ చప్పుడు వాల్వులను నొక్కే టాపెట్‌ది. సర్దితే వంద, నూటయాభైతో పోతుంది. గొలుసు డబ్బాలో పడేసి ఊపినట్టు కరకరలాడితే టైమింగ్ చైన్ సాగింది. అది హెడ్ పనితో కలిసి పోతుంది. బండి బరువు లాగుతున్నప్పుడు లోతుగా టక్ టక్ మని వినిపిస్తూ, వేగంతో పాటు పెరిగే చప్పుడు క్రాంక్, కనెక్టింగ్ రాడ్ వైపు నుంచి వస్తోందని అనుమానించాలి. అక్కడికి చేరాలంటే ఇంజన్‌ను ఫ్రేము నుంచి దించి, కేసులు విడదీయాలి. నా మట్టుకు నేను ఆ చప్పుడు విన్నాక బేరం ఆడను, హెల్మెట్ పెట్టుకుంటాను. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొసను ఇంజన్ కేసు మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే ఏ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో మెకానిక్ కాని వారికి కూడా తేడా తెలుస్తుంది.

కొద్ది దూరం నడిపి క్లచ్, గేర్లు చూడండి. మూడో గేరులో ముప్పై కిలోమీటర్ల వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు ఇంజన్ అరుపు పెరిగి బండి మాత్రం ముందుకు లాగకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి. కేబుల్ మరీ బిగువుగా ఉన్నా ఇలాగే అవుతుంది కాబట్టి ముందు లివర్‌కు కొంచెం వదులు ఉందో లేదో చూసి, లేకపోతే సర్దించి మళ్లీ నడపండి. ప్లేట్ల పనికి సైడ్ కవర్ విప్పితే చాలు, వెయ్యి, పన్నెండు వందల్లో అయిపోతుంది. కానీ గేరు వేశాక దానంతట అదే జారి న్యూట్రల్‌లోకి వస్తుంటే అది గేర్ల పళ్ల సమస్య. క్రాంక్ లాగానే దానికీ ఇంజన్ దించాలి.

ముందు ఫోర్క్, ఫ్రేము: బండి కింద పడిందా?

బండిని సెంటర్ స్టాండ్ వేసి, వెనుక ఒకరిని నొక్కమని ముందు చక్రం గాల్లోకి లేపండి. హ్యాండిల్‌ను ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా తిప్పితే సరిగ్గా మధ్యలో ఒక గుంటలో పడినట్టు ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) పోయింది. ఫోర్క్ కింది భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే టకటకమన్నా అదే కారణం. ఫోర్క్ గొట్టాల మీద గుడ్డతో తుడిస్తే ఆయిల్ గీత అంటుకుంటే సీళ్లు మార్చాలి. ఈ రెండు పనులకూ విప్పేది ఒకే చోట కాబట్టి కూలీ ఒక్కసారే రాయండి. విడివిడిగా చేయిస్తే రెండుసార్లు కడతారు.

ఇప్పుడు టార్చి వేసి హ్యాండిల్ కింద, ఫ్రేము మెడ దగ్గర చూడండి. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు తగిలి ఆగడానికి ఫ్రేముకు రెండు వైపులా చిన్న ఇనుప దిమ్మలు ఉంటాయి. ముందు నుంచి గట్టి దెబ్బ తగిలిన బండిలో వీటిలో ఒకటి నలిగో, వంగో, పగిలి వెల్డింగ్ చేసో ఉంటుంది. ట్యాంకుకు రంగు వేయిస్తారు, మడ్‌గార్డు మారుస్తారు, ఈ దిమ్మను ఎవరూ పట్టించుకోరు. అది నలిగి ఉంటే ఛాసిస్ నంబరు చెక్కిన చోటు చుట్టూ రంగు కొత్తగా ఉందేమో చూసి, నంబరును ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిపోల్చండి. తర్వాత బండికి పది అడుగుల వెనుక నేల మీద కూర్చుని రెండు చక్రాలూ ఒకే వరసలో ఉన్నాయా అని చూడండి. ఫోర్క్ గొట్టాలు కొద్దిగా వంగితే లేత్ దగ్గర సరిచేయించవచ్చు. ఫ్రేమే వంగితే దానికి ధర రాయవద్దు, ఆ బండే వద్దు.

వెనుక చక్రం: తప్పకుండా డబ్బు పెట్టేది ఇక్కడే

స్ప్లెండర్‌లో చైన్ పూర్తిగా కవరు లోపల ఉంటుంది కాబట్టి చాలామంది చూడకుండానే వదిలేస్తారు. కవరుకు ఉన్న రబ్బరు బిరడా తీసి, లోపలికి వేలు పెట్టి చైన్ పైకీ కిందికీ ఎంత ఊగుతోందో చూడండి. అంతకంటే సులువైన గుర్తు చక్రం ఇరుసు దగ్గర ఉంది: చైన్ బిగించే అడ్జస్టర్ గీతల్లో చివరి గీత దాకా వెనక్కు వచ్చేసి ఉంటే ఇక బిగించడానికి చోటు లేదు, చైన్ సెట్ మొత్తం మార్చాలి. చైన్ ఒక్కటే మార్చి పాత పళ్ల చక్రాలు ఉంచడం డబ్బు మిగిల్చినట్టు కనిపించినా, అరిగిన పళ్లు కొత్త చైన్‌ను కొద్ది నెలల్లోనే సాగదీస్తాయి.

వెనుక బ్రేకు పూర్తిగా తొక్కిపట్టి, డ్రమ్ ప్లేటు మీద బ్రేక్ చేతికి ఉన్న బాణం గుర్తు ఎక్కడికి వచ్చిందో చూడండి. ప్లేటు మీద ఉన్న గుర్తుకు అది చేరిపోతే బ్రేక్ షూలు అయిపోయాయి. బండిని గేరులో ఉంచి చక్రాన్ని ముందుకూ వెనక్కూ కదిపినప్పుడు దబ్ మని కొట్టుకుంటుంటే డ్రమ్ రబ్బర్లు కరిగాయి. చక్రాన్ని పక్కలకు ఊపితే కదులుతుంటే బేరింగు గాని, స్వింగ్ ఆర్మ్ బుష్ గాని. టైరు గోడ మీద చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం: 2319 అంటే 2019లో 23వ వారం. గీతలు లోతుగానే కనిపించినా, పగుళ్లు వచ్చిన పాత టైరుకు పూర్తి ధర రాయండి.

మీటరు చూపే కిలోమీటర్లను నమ్మాలా వద్దా అనేది కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. ఈ మోడల్‌లో మీటరు కేబుల్‌తో తిరుగుతుంది, కేబుల్ ఊడదీస్తే ఆగిపోతుంది. రోజుకు ముప్పై కిలోమీటర్లు తిరిగే బండి ఏడాదికి పదివేల పైన తిరుగుతుంది. మీటరు 22,000 చూపిస్తూ, గేరు రాడ్ రబ్బరు అరిగి ఇనుము బయటపడి, కాలు ఆన్చే రబ్బర్లు నున్నగా అయి ఉంటే, కాళ్లు చెప్పేది నమ్మండి.

కరెంటు పని, వరద నీళ్లు

ఇంజన్ ఆపి హారన్ కొట్టి, సెల్ఫ్ నొక్కి చూడండి. మల్టీమీటర్ ఉంటే ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ 12.4 వోల్టుల పైన, ఇంజన్ వేగం పెంచినప్పుడు పదమూడున్నర నుంచి పద్నాలుగున్నర మధ్య చూపాలి. రెండోది రాకపోతే కొత్త బ్యాటరీ వేసినా ప్రయోజనం ఉండదు, బ్యాటరీని ఛార్జి చేసే కాయిల్ ప్లేటో, రెగ్యులేటరో మార్చాలి. 2017 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లలో ఇంజన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైట్ వెలిగే ఉండాలి. దానికి ఎవరైనా విడిగా స్విచ్ పెట్టించి ఉంటే వైరింగ్‌ను ఎక్కడో కోసి అతికారన్నమాట. హెడ్‌లైట్ డూమ్ లోపల టేపు చుట్టిన ముడులు లెక్కపెట్టండి.

డూమ్ తెరిచినప్పుడే అడుగున ఎండిన ఒండ్రు ఉందేమో చూడండి. 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపునా బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అవన్నీ తుక్కు కింద పోలేదు, కడిగి తుడిచి అమ్మకానికి వచ్చినవీ ఉన్నాయి. సీటు కింద ఇనుప పట్టీలు, ట్యాంకు అడుగు భాగం, మీటరు అద్దం లోపల నీటి చార, వైరింగ్ సాకెట్లలో పచ్చటి చిలుము వెతకండి. వీటిలో రెండు కనబడితే ఆరు గళ్లలో ఏదీ నమ్మదగ్గ అంకె కాదు. నీళ్లు తాగిన బండిలో చెడేవి ఒకదాని తర్వాత ఒకటి, నెలల తరబడి బయటపడతాయి.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 (కొత్త కాలుష్య నియమాల) బండి అయితే కరెంటు గడి ఇంకా పెద్దది. తాళం తిప్పగానే మీటరులో ఇంజన్ బొమ్మ దీపం వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగకపోతే ఆ లోపాన్ని దాచడానికి దీపాన్నే తీసేసి ఉండవచ్చు. ఇంధన పంపు, సెన్సర్లు, ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే చిన్న కంప్యూటరు) రోడ్డు పక్క షాపులో సర్దించే పనులు కావు. సైలెన్సర్ మార్చి ఉంటే పాతది ఇస్తారా అని తప్పక అడగండి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దానిలోనే ఉంటుంది.

ధరలు ఎవరిని అడగాలి, ఎలా అడగాలి?

ఒరిజినల్ విడిభాగాల ప్యాకెట్ల మీద ఎంఆర్‌పీ ముద్రించి ఉంటుంది కాబట్టి కంపెనీ షోరూమ్ కౌంటరులోనే అడిగి రాసుకోవచ్చు. హైదరాబాదు పుత్లీబౌలి, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల అదే భాగం లోకల్ కంపెనీది తక్కువకు దొరుకుతుంది. టైరు, బ్యాటరీ ఎక్కడ కొన్నా ఫర్వాలేదు. చైన్ సెట్, క్లచ్ ప్లేట్లు, ఇంజన్ లోపలి భాగాలకు మాత్రం ఒరిజినల్ ధరే రాయండి.

మూడు నాలుగు వందలు ఇచ్చి మీకు తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లడం మంచిది. అమ్మేవారు చూపించిన మెకానిక్ వద్దు. ఆయనను ఎంత అవుతుందన్నా అని అడిగితే అలవాటుగా ఓ తక్కువ అంకె చెబుతాడు. అడగవలసిన ప్రశ్న ఇది: “అన్నా, ఇది విప్పితే లోపల ఇంకేం మార్చాల్సి రావచ్చు?” ఆ జవాబే మీ గడిని నింపుతుంది.

లెక్క

మన స్ప్లెండర్‌కు అమ్మేవారు 34,000 అడుగుతున్నారు, అదే మోడల్ అదే ఏడాదిది మంచి స్థితిలో ఉన్నది 42,000కు దొరుకుతోంది అనుకుందాం. స్టార్ట్ చేసిన క్షణంలో మాత్రం కాస్త నీలం పొగ వచ్చింది.

వెనుక చక్రం: చైన్ సెట్ 1,200, టైరు ట్యూబు 2,000, షూలు 250, డ్రమ్ రబ్బర్లు 150, బేరింగులు 250, కూలీ 400, మొత్తం 4,250. ముందు ఫోర్క్: సీళ్లు, ఆయిల్, కోన్ సెట్, కూలీ కలిపి 1,500. బ్యాటరీ 1,200. ఆయిల్, ప్లగ్, ఫిల్టర్, కార్బురేటర్ శుభ్రంతో సర్వీసు 1,300. ఇవి ఖాయమైనవి, మొత్తం 8,250.

అనుమానం ఉన్న పనికి ధర రాసే తీరు వేరు. హెడ్ పని వరకే అయితే 3,000, బోరు దాకా వెళ్తే మొత్తం 6,500 అవుతుంది. పొగ తీరు చూస్తే హెడ్ పని తప్పదు కాబట్టి 3,000 పూర్తిగా రాయండి. బోరు కూడా పోయిందో లేదో చెప్పలేము కాబట్టి మిగిలిన 3,500లో సగం, 1,750 రాయండి. అంటే 4,750. ఇప్పటికి 13,000 అయింది. విప్పాక బయటపడే విరిగిన బోల్టులు, మర పోయిన రంధ్రాల కోసం దానిమీద 15 శాతం, 1,950 కలపండి. కాగితాల గడిలో బీమా 843, పేరు మార్పిడికి సుమారు 1,000, చలానాలు 600, మొత్తం 2,443. అన్నీ కలిపితే 17,393 రూపాయలు. కొన్న మొదటి కొద్ది నెలల్లో మీ జేబులోంచి పోయేది ఇది.

అయితే ఇదంతా అమ్మేవారి ధరలోంచి తగ్గించమనడం న్యాయం కాదు, అడిగినా వారు ఒప్పుకోరు. 42,000 పలికే మంచి బండికి కూడా టైరు, చైన్, షూలు, రబ్బర్లు, బ్యాటరీ, సర్వీసు సగం అరిగే ఉంటాయి. ఈ అరిగే వస్తువుల మొత్తం 6,100, అందులో సగం 3,050 మీ వంతు. పేరు మార్పిడి ఏ బండి కొన్నా తప్పదు కాబట్టి ఆ 1,000 కూడా మీదే. ఈ రెండూ తీసేస్తే బేరంలో పెట్టవలసిన మొత్తం 13,343, దాన్ని మంచి బండి ధర 42,000లోంచి తీసేస్తే ఈ బండికి మీరు ఇవ్వదగ్గ ధర 28,657 అవుతుంది. 34,000 దగ్గర మొండికేస్తే ఆ 42,000 బండే చవక. 29,000 దాకా దిగితే తీసుకోవచ్చు.

కాగితాన్ని అమ్మేవారి ముందు పెట్టే చదవండి. “బండి బాగాలేదండి” అంటే వాదనకు దిగుతారు. బాణం గుర్తు గీత దగ్గరికి వచ్చిన బ్రేకును, కొనకు చేరిన అడ్జస్టర్‌ను వేలుతో చూపించి, పక్కన రాసిన అంకె చదివితే పెద్దగా వాదన ఉండదు. కట్టని చలానాలను మాత్రం బేరంలో కలపకుండా, డబ్బు ఇచ్చేముందు వారి చేతే కట్టించడం మేలు, అప్పుడు ఆ 600 రెండు వైపుల లెక్కలోంచీ పోతుంది.

కొన్నాక వెనుక చక్రం, ఫోర్క్ పనులు మొదటి వారంలోనే చేయించండి, అవి బ్రేకుకూ హ్యాండిల్‌కూ సంబంధించినవి. హెడ్ పనికి తొందర లేదు. కొత్త ఆయిల్ పోయించి, మీటరు అంకె రాసుకుని, ప్రతి 200 కిలోమీటర్లకు ఒకసారి ఉదయం పూట చల్లని ఇంజన్ మీద గేజ్ చూడండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగినా మట్టం పై గీత నుంచి పెద్దగా దిగకపోతే బోరు బాగానే ఉన్నట్టు. హెడ్ వరకే విప్పించి, పక్కన పెట్టుకున్న 1,750 రూపాయలతో ముందు చక్రం టైరు మార్పించుకోండి. కింది గీత దాకా దిగిపోతే మాత్రం హెడ్, బోరు రెండూ ఒకే విప్పుడులో చేయమని మెకానిక్‌కు ముందే చెప్పండి.